ఆంగ్లదేశ విద్యకు ఊరి యెన్నిక

ఎకరము పొలము కొనదలచిన గృహస్థు ఎన్ని సంగతులు విచారించునో మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. కాలువ యెంత దూరమున నున్నది, నీరు తుదిమడి వరకు వచ్చునా, బండిదారి గలదా, గట్టు పొరుగువారు ఎట్టివారు, పట్టా యెవరి పేర నున్నది, ఇవి యన్నియు తెలిసికొనిన పిమ్మట గాని అతడు బయానా ఇయ్యడు. అట్టి గృహస్థే ఆ యెకరమును అమ్మియో, తాకట్టు పెట్టియో కుమారునిగాని కుమార్తెనుగాని చదువునకై ఇంగ్లండునకు పంపునపుడు ఎన్ని ప్రశ్నలు వేయుచున్నాడు? విశ్వవిద్యాలయము పేరు, చెల్లింపవలసిన రుసుము, విమానము బయలుదేరు దినము, ఈ మూడింటితో విచారణ ముగియుచున్నది. బిడ్డ యే యూర నివసింపనున్నదో, ఆ యూర ఇంటి అద్దె యెంతయో, కళాశాలకు నడచి పోవచ్చునో లేదో అడుగువారు అరుదు. పొలము కొనుటయందు చూపు వివేకమును పొలము అమ్ముటయందు చూపకుండుట మన కుటుంబములకు చేటు తెచ్చుచున్నదని మా యభిప్రాయము.

ఇది కొలది మందికి సంబంధించిన విషయము గాదు. 2022-23 విద్యాసంవత్సరమున బ్రిటనులో చదువుచుండిన విదేశీయులలో చీనావారిని మించి భారతీయులే అత్యధికులైరి. వారి సంఖ్య లక్షన్నరకు పైబడినది. అందు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల యువజనులు అనేకులు గలరు. వీరిలో పెక్కుమంది ఒక్క యేడాదిలో ముగియు మాస్టరు పట్టమునకై పోవుచున్నారు. మూడేండ్ల చదువైనచో మొదటి యేట జరిగిన పొరపాటును రెండవ యేట దిద్దుకొనవచ్చును. ఒక్క యేటి చదువున అట్టి యవకాశము లేదు. ఊరు సరిపడలేదని తెలియునప్పటికి చలికాలము వచ్చును, ఇల్లు మార్చుకొనునప్పటికి పరీక్షలు వచ్చును. కావున ఎన్నిక యంతయు బయలుదేరుటకు ముందే, మన యింటి యరుగుమీదనే, జరుగవలసియున్నది.

ఊరి యెన్నిక విద్యార్థి జీవితమును ఎట్లు నడపునో మన పెద్దల చరిత్రలే చెప్పుచున్నవి. 1888లో న్యాయశాస్త్రము చదువుటకు లండనునకు వెళ్లిన గాంధీ మహాత్ముడు మొదట ఒక కుటుంబమువారి యింట ఎక్కువ వ్యయముతో నివసించెను. పిదప ప్రతి పైసకును లెక్క వ్రాసికొని, తన పనిచోటికి అరగంటలో నడచి పోగల గదులను ఎన్నుకొనెను. దానివలన బండి కూలి మిగిలెను, దినదినము నడకయు అలవడెను. మరికొంత కాలమునకు ఒంటిగదికి మారి, ఉదయ భోజనము తానే వండుకొనెను. నేటి విద్యార్థికి ఆ అరగంట నడక కంటె మంచి కొలబద్ద మరియొకటి మాకు కానరాదు.

శ్రీనివాస రామానుజన్ చరిత్రము దీనికి మారుముఖము. 1914లో ఆయన కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకు చేరెను. గణితమునకు అంతకంటె తగిన స్థలము ఆనాడు ప్రపంచమున లేదనవచ్చును. హార్డీవంటి గురువు దొరకెను, 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వమును లభించెను. కాని శాకాహారి యగు ఆ మహనీయునకు యుద్ధకాలమున తగిన ఆహారము దొరకుట దుర్లభమయ్యెను. చలియు, ఒంటరితనమును తోడయ్యెను. 1917 నుండి వైద్యాలయముల పాలై, 1919లో స్వదేశమునకు తిరిగివచ్చి, 1920లో ముప్పదిరెండవ యేట కాలధర్మము నొందెను. విద్యకు తగిన ఊరు దేహమునకు తగిన ఊరు కావలయునను నియమము లేదు. నేడు యుద్ధము లేదు, పప్పు బియ్యములు దొరకని నగరము లేదు. అయినను రెండు లెక్కలును వేరువేరుగా చూడవలెనను పాఠము మాత్రము నిలిచియున్నది.

ఇంగ్లండులోని విద్యానగరము లన్నియు ఒక పోలికవి గావు. ఆక్సుఫర్డున 1096 నాటికే బోధన గలదు. అచ్చటినుండి వెడలినవారిచే 1209లో కేంబ్రిడ్జి యేర్పడెను. 1832లో స్థాపింపబడిన డరహాము విశ్వవిద్యాలయము చిన్న యూర వెలసినది. ఈ మూడింటను విద్యార్థి ఒక కళాశాలకు చెందియుండును. ఊరును విద్యయు పెనవేసికొని యుండును. బర్మింగుహాము, మాంచెస్టరు, లివర్పూలు, లీడ్సు, షెఫీల్డు, బ్రిస్టలు విశ్వవిద్యాలయములు 1900కును 1909కును నడుమ అధికార పత్రములు పొందినవి. ఇవి యంత్రశాలల నగరములు తమ వర్తకుల ధనముతో పెంచుకొనిన విద్యాలయములు. 1960ల దశకమున ససెక్సు, యార్కు, లాంకాస్టరు, వార్విక్కు మొదలగునవి ఊరి వెలుపలి పచ్చిక బయళ్లలో కట్టబడినవి. 1992 చట్టముచే పాలిటెక్నిక్కులు విశ్వవిద్యాలయములైనవి. వీనిలో ఒక్కొక తెగ యందు విద్యార్థి దినచర్య ఒక్కొక తీరున నుండును.

పేరు చూచి ఊరు నిర్ణయింపరాదు. వార్విక్కు విశ్వవిద్యాలయము వార్విక్కు పట్టణమున లేదు. కొవెంట్రీ నగరపు టంచున నున్నది. ఎసెక్సు విశ్వవిద్యాలయపు ముఖ్యస్థానము కోల్చెస్టరు. లండను విశ్వవిద్యాలయమునకు చెందిన రాయల్ హాలోవే కళాశాల లండనునకు వెలుపల, సర్రే మండలములోని ఎగ్‌హాము ఊర నున్నది. ఆక్సుఫర్డున రెండు విశ్వవిద్యాలయములు గలవు, కేంబ్రిడ్జిలోను అంతే, న్యూకాసిలులోను అంతే. ఇవిగాక, దూరపు నగరముల విశ్వవిద్యాలయములు కొన్ని లండనులో శాఖలు తెరచి, అచ్చట కొన్ని తరగతులు నడుపుచున్నవి. పత్రముపై ఉత్తరదేశపు పేరుండ, పాఠము లండనులో జరుగవచ్చును. ఈ యేర్పాటులలో తప్పు లేదు. కాని ప్రవేశపత్రమున పాఠములు చెప్పు స్థలము స్పష్టముగా నున్నదా యని చూడక డబ్బు కట్టుట సర్వే నంబరు చూడక దస్తావేజు వ్రాయించుకొనుటయే.

ఎన్నికలో మొదటి ప్రశ్న చదువబోవు శాస్త్రమునకు చెందినదై యుండవలయును. ఊరి వృత్తిని బట్టి విద్య పెరుగుట ఇంగ్లండున ప్రసిద్ధము. షెఫీల్డు ఉక్కునకు పుట్టినిల్లు. లోహశాస్త్రమును, యంత్రనిర్మాణమును అచ్చట నేటికిని బలముగా నున్నవి. మాంచెస్టరులో 2004లో గ్రాఫీను అను పదార్థము వేరుచేయబడినది; దానికి 2010లో నోబెలు బహుమానము వచ్చినది. లెస్టరులో 1984లో ఆలెక్ జెఫ్రీసు పండితుడు మనుష్యుల జన్యుముద్రలను గుర్తించు పద్ధతి కనుగొనెను. క్రాన్‌ఫీల్డు పట్టభద్రులకే పరిమితమైన విద్యాస్థానము, విమానశాస్త్రమునకు పేరుపొందినది. మన రైతు కుటుంబముల బిడ్డలలో వ్యవసాయశాస్త్రము చదువగోరువారు లండను వీథులలో వెదకిన ప్రయోజన మేమి? రెడ్డింగు, నారిచి, ష్రాప్‌షైరులోని హార్పర్ ఆడమ్సు వంటి చోట్లు అందుకై యున్నవి. విశ్వవిద్యాలయము మొత్తమునకు గల స్థానమును గాక, తన శాస్త్రమునకు అచ్చట గల స్థానమును విద్యార్థి అడుగవలయును.

రెండవ ప్రశ్న వ్యయము. ఈ విషయమున ఆ దేశపు ప్రభుత్వమే మనకు ఒక లెక్క వేసి యిచ్చినది. 2025 నవంబరు 11 నుండి వీసా కోరు విద్యార్థి జీవనమునకై చూపవలసిన ధనము లండనులో నెలకు 1,529 పౌండ్లు, ఇతర స్థలములలో 1,171 పౌండ్లు. తొమ్మిది నెలలకు లెక్కించిన లండనున 13,761, వెలుపల 10,539. తేడా 3,222 పౌండ్లు. పౌండు విలువ నూరు రూపాయలకు మించియున్న యీ దినములలో ఇది మూడు లక్షల రూపాయలకు పైమాట. ఒక్క ఊరి పేరు మార్చుటచే ఇంత భేదము! దీనికి తోడు వైద్యపు సుంకము ఏటికి 776 పౌండ్లు. ఒక్క యేటి చదువునకు వీసా గడువు ఏడాది దాటియుండును గనుక సాధారణముగా ఏడాదిన్నర సుంకము కట్టవలసివచ్చును. ఈ సుంకము ఊరిని బట్టి మారదు గాని లెక్కలో మరువరాదు.

ఇచ్చట ఒక దురాచారమును గూర్చి చెప్పక తప్పదు. ఈ జీవనధనము వరుసగా 28 దినములు బ్యాంకులో నిలువయుండవలెనని నిబంధన. దానిని వడ్డీకి తెచ్చి, 28 దినములు చూపి, వెంటనే తిరిగి యిచ్చివేయు పద్ధతి మనలో పుట్టినది. ఆ ధనము అధికారికి చూపుటకు మాత్రమే గాదు, బిడ్డ తినుటకు. చూపిన డబ్బు తిరిగి పోయిన పిమ్మట విమానమెక్కిన బిడ్డ చేత మొదటి నెల అద్దెకు మించి యేమియు నుండదు. అట్టి స్థితిలో అతడు ఊరిని ఎన్నుకొనడు. దొరకిన పనియు, దొరకిన గదియు అతనిని ఎన్నుకొనును.

మూడవది ఇల్లు. విశ్వవిద్యాలయము విద్యార్థులను పిలిచినంత శీఘ్రముగా ఊరు ఇండ్లను కట్టజాలదు. 2022లో డరహామున మరుసటి యేటి యిండ్లకై విద్యార్థులు దళారుల కార్యాలయముల యెదుట రాత్రులు వరుసలు తీరిరి. అదే యేట బ్రిస్టలు నగరమున చదువు విద్యార్థులలో కొందరికి సెవర్ను నదీముఖమునకు ఆవల, వేల్సులోని న్యూపోర్టున వసతి చూపవలసివచ్చెను. పేరుపడిన చిన్న యూళ్లలో ఇల్లు దొరకుట పెద్ద నగరములలో కంటె కష్టము కావచ్చునని దీనివలన తెలియుచున్నది. కావున ప్రవేశపత్రము రాగానే విశ్వవిద్యాలయపు వసతిగృహములకు దరఖాస్తు పెట్టవలయును. అది దొరకనిచో, ఇల్లు చూడక, ఇంటివాడెవడో తెలియక ముందుగా సొమ్ము పంపరాదు. ఆ దేశపు చట్టములు కొన్ని అద్దెదారునకు తోడుగా నున్నవి. 2019 నుండి ఇంగ్లండున సామాన్యమైన యిండ్లకు ఐదు వారముల అద్దెకు మించి ధరావతు అడుగరాదు; దానిని 30 దినములలో రక్షణనిధిలో జమకట్టవలయును. విదేశ విద్యార్థికి అచ్చట జామీనుదారు లేడని ఆరు నెలల అద్దె ముందుగా అడుగు వాడుక గలదు. దీనిని అరికట్టుటకు 2025 నాటి అద్దెదారుల హక్కుల చట్టమున ఒక నెలకు మించి ముందద్దె పుచ్చుకొనరాదని నియమము చేయబడినది; 2026 మే 1 దాని యమలునకు నిర్ణయింపబడిన దినము. ప్రత్యేకముగా విద్యార్థులకై కట్టిన పెద్ద వసతిగృహములకు వేరు నియమములు గలవు గనుక ఒప్పందమును చదివియే సంతకము చేయవలయును. విద్యార్థులు మాత్రమే యుండు ఇంటికి నగరపు పన్ను లేదు. ఒక్క ఉద్యోగి కలిసి యున్నను ఈ మినహాయింపు చెడవచ్చును.

నాల్గవది పని. పట్టపు చదువు చదువు విద్యార్థి పాఠముల కాలమున వారమునకు 20 గంటలు మాత్రమే పనిచేయవచ్చును. 2025 ఏప్రిలులో 21 ఏండ్లు నిండినవారికి కనీసపు కూలి గంటకు 12.21 పౌండ్లుగా నిర్ణయింపబడినది. వారమంతయు పని దొరకినను 244 పౌండ్లు. లండను వెలుపల పొదుపరి యగు విద్యార్థికి ఇది గదియద్దెకును తిండికిని సాయపడును. కాని చదువు రుసుమును తీర్చజాలదు. "అచ్చట పనిచేసి అప్పు తీర్చును" అని ధైర్యము చెప్పువారి మాట ఈ గుణకారముతోనే తేలిపోవుచున్నది. గంటలు మించి పనిచేయుట వీసాకే ముప్పు. ఇక పని యెచ్చట దొరకును? మాంచెస్టరు, బర్మింగుహాము, లీడ్సువంటి నగరములలో దుకాణములును, ఆసుపత్రులును, గిడ్డంగులును అనేకము. చిన్న యూర వేలాది విద్యార్థులు అవే నాలుగు భోజనశాలల యెదుట నిలుచుందురు. చౌక అద్దె గల ఊరు పనిలేని ఊరైనచో ఆ చౌక చౌక గాదు. రెంటిని కలిపి తూచవలయును.

ఐదవది మనుష్యులు. 1972లో ఉగాండానుండి భారతీయులు వెడలగొట్టబడినపుడు, లెస్టరు నగర పాలకులు తమ యూరికి రావలదని ఉగాండా పత్రికలో ప్రకటన వేయించిరి. అయినను మనవారు వచ్చిరి, దుకాణములు పెట్టిరి, యంత్రశాలలలో పనిచేసిరి. 2021 జనాభా లెక్కలలో ఆ నగరమున నూటికి 34 మంది తాము భారతీయ సంతతివారమని వ్రాయించిరి. అచ్చటి బెల్‌గ్రేవు వీథిలోని దీపావళి నేడు ఆ నగరమునకే గర్వకారణము. బర్మింగుహాము సమీపమున టివిడేలులో శ్రీ వేంకటేశ్వరుని యాలయము 2006లో ప్రతిష్ఠింపబడినది. లండనులో ఈస్టుహాము వీథులలో దక్షిణదేశపు సరకు లన్నియు దొరకును. ఇట్టి చోట్లు క్రొత్తగా వచ్చిన బిడ్డకు ఊరట. కాని ఒక్క గదిలో ఆరుగురు తెలుగువారే యుండి, తెలుగే మాటలాడి, తెలుగు వంటయే తిని, ఏడాది గడపి వచ్చిన విద్యార్థి ఇంగ్లండును చూచినాడని మే మనజాలము. మనవారు బొత్తిగా లేని ఊరును, మనవారు మాత్రమే కనబడు ఇల్లును, రెండును విడువదగినవే. చీకటిని గూడ లెక్కింపవలయును. ఉత్తరమున న్యూకాసిలులో డిసెంబరు నెలయందు మధ్యాహ్నము మూడున్నర దాటిన కొలదిసేపటికే సూర్యుడు అస్తమించును. మన యెండలలో పెరిగిన బిడ్డకు ఆ నెలలలో మాటలాడు మనుష్యుడు కావలయును.

ఈ ప్రశ్నల కన్నిటికి సమాధానము చెప్పుటకే గదా దళారులున్నారని కొందరందురు. దళారికి కమీషను ఇచ్చునది సామాన్యముగా విశ్వవిద్యాలయము. అందరును మోసగాండ్రని మేము చెప్పము. కాని అమ్మువానివలన ప్రతిఫలము పుచ్చుకొనువానిని కొనువాడు సలహా యడుగుట ఎంతవరకు లాభమో పొలముల వ్యవహారము తెలిసినవారికి వేరుగా చెప్పవలెనా? "మా విద్యార్థులందరు అక్కడికే పోవుచున్నారు" అనుమాట విద్యకు సిఫారసు గాదు. కమీషనునకు సాక్ష్యము కావచ్చును. అంతకంటె మేలు, ఆ యూర ఇప్పుడు చదువుచున్నవారిని, చదువు ముగించి యేడాది యైనవారిని విడివిడిగా అడుగుట. మొదటివారు అద్దె చెప్పగలరు. రెండవవారు ఫలము చెప్పగలరు.

చట్టములు మారుచుండునను సంగతియు మరువరాదు. చదువు ముగిసిన పిదప అచ్చట పనిచేయు హక్కు 2012లో తీసివేయబడి, 2021 జూలైలో రెండేండ్ల గడువుతో తిరిగి యియ్యబడినది. 2027 జనవరి 1 నుండి దరఖాస్తు చేయు మాస్టరు పట్టభద్రులకు అది 18 నెలలకు తగ్గింపబడుచున్నది. 2024 జనవరి 1 నుండి పాఠములతో నడచు మాస్టరు చదువునకు పోవువారు భార్యాబిడ్డలను వెంట తీసికొనిపోరాదు. 2012లో లండనులోని ఒక విశ్వవిద్యాలయమునకు విదేశ విద్యార్థులను చేర్చుకొను అనుమతి రద్దు కాగా, అచ్చటి విద్యార్థులనేకులు నడిమధ్యమున వేరుచోటు వెదకుకొనవలసి వచ్చెను. మరుసటి యేట ఆ యనుమతి తిరిగి లభించెను. పరదేశ ప్రభుత్వపు దయమీద పిత్రార్జితమును పందెము వేయరాదు. ఆ హక్కు లేకపోయినను ఈ చదువు, ఈ వ్యయము, మనకు గిట్టునా యని యడిగి, గిట్టుననినచోనే కదలవలయును.

"పాత పేరుగల విద్యాలయపు పట్టమునకు గౌరవము లేదా?" యని మమ్ము ప్రశ్నింపవచ్చును. కలదు. ఆక్సుఫర్డో, కేంబ్రిడ్జియో, తన శాస్త్రమున అగ్రగణ్యమైన మరియొకటియో ప్రతిభను చూచి పిలిచినచో, విద్యార్థివేతనము కూడ దొరకినచో, ఊరి వ్యయము కొంత యెక్కువైనను వెళ్లవలసినదే. 1895లో హైదరాబాదునుండి నిజాము విద్యార్థివేతనముపై వెళ్లిన సరోజినీదేవి మొదట లండనులోను, పిదప కేంబ్రిడ్జిలోను చదివెను. మా యాక్షేపణ అట్టివారిని గూర్చి గాదు. పట్టికలలో పది మెట్లు పైనున్నదని, మామగారి ఊర చెప్పుకొనుటకు బాగుండునని, ఒక సామాన్యమైన చదువునకు ఖరీదైన ఊరిని ఎన్నుకొనువారిని గూర్చియే.

కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలోని సెంట్ జాన్సు కళాశాలలో చదివి వచ్చిరి. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెలసినపుడు దానికి ప్రథమోపాధ్యక్షులైరి. పరదేశమున నేర్చినది స్వదేశపు విద్యాలయమునకు పునాదిరాయి యైనది. నేటి విద్యార్థి అందరివలె ఉపాధ్యక్షుడు కానక్కరలేదు. తిరిగి రావలెనని నిర్బంధమును లేదు. కాని అతడు ఆ దేశమున నేర్చికొనునది, అప్పుల దిగులున గిడ్డంగులలో రాత్రులు వెళ్లబుచ్చుటకంటె గొప్పదై యుండవలయును. అందుకు అనుకూలించునది ఊరు.

కావున మన గృహస్థులకు మా మనవి యిది. దస్తావేజుపై సంతకము చేయుటకు ముందు ఒక సాయంకాలము బిడ్డతో కూర్చుండుడు. ఒక కాగితముపై మూడు ఊళ్ల పేర్లు వ్రాయుడు. ఒక్కొక దానికెదుట చదువు రుసుము, నెల యద్దె, నడక దూరము, పని దొరకు తీరు, ఆ యూర తెలిసిన మనిషి పేరు వ్రాయుడు. ఏ గడి ఖాళీగా నున్నదో ఆ సంగతి మీరింకను విచారింపలేదన్నమాట. అయిదు గడులును నిండునంతవరకు కలము మూసి యుంచుడు. ఒక్క నెల యాలస్యమైనచో చదువు మరుసటి ప్రవేశకాలమునకు వాయిదా పడును, అంతియ. తాకట్టు పడిన పొలము విడిపించుటకు ఒక తరము పట్టును.